సేవయా? విహారమా?

మన పట్టణమున నిప్పుడొక క్రొత్త పుణ్యము పుట్టినది. పూర్వము పుణ్యార్థులు కాశికి పోయెడివారు. ఇప్పుడు వర్షారణ్యములకు పోవుచున్నారు. కోస్టారికాయందు మొక్కలు నాటుటకును, బోర్నియోయందు ఒరాంగుటాన్ వానరములను సాకుటకును, ఆమెజాను తీరమున బిడ్డలకు ఇంగ్లీషు అక్షరములు చెప్పుటకును సెలవులలో రెండు వారములు తీరిక చేసికొని విమానమెక్కు యువకులు జూబిలీహిల్సు మేడలయందే గాక, మా వెంగళరావు నగరు వంటి మధ్యతరగతి కాలనీలయందు సహితము కానవచ్చుచున్నారు. దీనికి స్వచ్ఛందసేవ యని పేరు. సేవ చేయువాడే రుసుము చెల్లించుట దీనియందలి విశేషము.

గత నెలలో నొకనాటి సాయంకాలము మా వీధిలోని పెద్దమనిషి యొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని నా ఆఫీసుగదికి వచ్చిరి. కుర్రవాడు పదునేడేండ్లవాడు, చురుకైనవాడు, మంచి మనసుగలవాడు. కోస్టారికాకు పోవుటకు తల్లిదండ్రుల అనుమతిపత్రము కావలెనట. "లాయరుగారూ, అప్లికేషనులో ఇది ఉంటే అమెరికా కాలేజీలు బాగా చూస్తాయటండి" అని తండ్రిగారు దాపరికము లేక చెప్పిరి.

వృత్తిధర్మముచొప్పున ఆ సంస్థవారి ఒప్పందమును మొదటినుండి తుదివరకు చదివితిని. చెల్లించిన రుసుము తిరిగి ఈయబడదని యున్నది. పాము కరచినను, జ్వరము వచ్చినను సంస్థకు పూచీ లేదని యున్నది. సేవకుని ఛాయాచిత్రములను సంస్థ తన ప్రకటనలకు వాడుకొనవచ్చునని యున్నది. ఆ గ్రామమువారు వీరినుండి ఏమి కోరిరో, వీరు మరలివచ్చిన పిదప ఆ మొక్కలను ఎవరు కాచెదరో, ఆ బిడ్డలకు మరునాటి పాఠము ఎవరు చెప్పెదరో తెలుపు నిబంధన యొక్కటియు లేదు.

"అక్కడి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతారు నాయనా?" అని కుర్రవాని నడిగితిని. వాడు కొంచెము తడవు ఆలోచించి, "స్పానిష్ అనుకుంటానండి. కాని నేను నేర్పేది ఇంగ్లీషే కదా!" అనెను. ఆ ప్రత్యుత్తరమే ఈ వ్యాసమునకు కారణము.

సముద్రము దాటరాదని నేనుగాని, బుద్ధిగల మరియెవరుగాని అనుటలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరో పోయి ఎం.ఏ. పట్టము పుచ్చుకొని వచ్చి, 1921లో చీరాల పేరాల ప్రజల పక్షమున నిలిచి, రామదండును కూర్చి నడిపిరి. పరదేశమున నేర్చిన నేర్పు స్వదేశమున సేవయై ఫలించినది. పదునేడేండ్ల బాలుడు పరదేశపు టడవిని చూచుట తప్పు కాదు. చూచినవానికి మనసు విశాలమగును. చూచుటకు పోవువాడు చూచుటకు పోవుచున్నానని చెప్పిన చాలును. సేవకు రెండు షరతులు గలవు: మొదటిది భాష, రెండవది కాలము. ఎవరిని సేవింతుమో వారి మాట మనకు తెలియవలెను. చేపట్టిన పని ముగియువరకు మనము నిలువవలెను. ఈ రెండును లేనిది విహారము. విహారము పాపము కాదు గాని, దానికి సేవ యని పేరుపెట్టుట అసత్యము.

వర్షారణ్యపు స్వభావమును కొంచెము విచారింతము. అచటి సారములో చాలభాగము నేలలో గాక చెట్లలోను, రాలి మురుగు ఆకులలోను ఉండును. చెట్లను కొట్టివేసి ఆకుపొర తొలగినంతనే ఆ భారీవర్షములకు మిగిలిన సారమంతయు కొట్టుకొనిపోవును. అట్టి నేలలో నాటిన మొక్కను గడ్డియు తీగలును కమ్మివేయకుండ, పశువులు మేయకుండ, నిప్పు సోకకుండ ఏండ్లతరబడి కాపాడవలెను. నాటుట గంట పని. పెంచుట పదేండ్ల పని. ఆ గంట పనికి రుసుము చెల్లించి ఛాయాచిత్రము తీయించుకొనువాడు మన యతిథి. పదేండ్ల పనికి దినకూలి పుచ్చుకొని పేరులేక పోవువాడు అచటి గ్రామస్థుడు.

కోస్టారికా అడవులు ఎట్లు మరల చిగిర్చినవో ఆ దేశచరిత్రమే చెప్పుచున్నది. గత శతాబ్దపు నడుమ నుండి పశువుల మేతబీళ్లకొరకు అడవులను నరికి నరికి, 1980ల నాటికి వనసంపదలో పెద్దభాగమును ఆ దేశము పోగొట్టుకొన్నది. పిదప కన్ను తెరచి, 1996లో అటవీశాసనము చేసి, అడవిని మరియొక వినియోగమునకు మార్చుటను నిషేధించి, ఇంధనముపై విధించిన పన్నునుండి అడవిని కాచు రైతులకు సొమ్ము చెల్లింపసాగినది. ఇప్పుడు ఆ దేశమున సగమునకు పైగా అడవియే. శాసనము, పన్ను, కాచువానికి కూలి: ఇవి ఆ యడవిని తిరిగి తెచ్చినవి. రెండు వారముల యతిథులు తెచ్చినది కాదు.

ఇక బిడ్డలకు చదువు చెప్పు సంగతి. పక్షమున కొక క్రొత్త ముఖము వచ్చి, అదే పాటను, అవే రంగులను, అవే అంకెలను నేర్పి, కౌగిలించుకొని, కన్నీరు పెట్టుకొని వెడలిపోవును. మరుసటి పక్షమున మరియొక ముఖము. బిడ్డకు చదువెంత వచ్చునో గాని, మనసిచ్చిన వారందరు పోవుదురను పాఠము మాత్రము బాగుగ వచ్చును. కంబోడియా, నేపాళ దేశములలో పరదేశపు దయాళువుల రాకకొరకు అనాథాశ్రమములు పెరిగినవి. వానియందలి బిడ్డలలో అనేకులకు తల్లిదండ్రులు సజీవులుగా నున్నారని విచారణలలో తేలినది. దయకు గిరాకి యేర్పడినచో అనాథలను తయారుచేయు వర్తకులును ఏర్పడుదురు. దయగలవారు తెలిసికొనవలసిన కఠినసత్యమిది.

పరులను విమర్శించుటకు ముందు నా తప్పిదమును ఒప్పుకొనెదను. నేను డిగ్రీ చదువునాడు కొందరు విద్యార్థి వాలంటీరులతో కూడి ఆదిలాబాదు అడవులలోని యొక గోండు గూడెమునకు పది దినములు పోయితిని. పలకలు పంచితిమి. ఆవు బొమ్మ చూపి "ఆవు" అంటిని. బిడ్డలందరు "ఆవు" అనిరి. ఇల్లు చూపి "ఇల్లు" అంటిని, "ఇల్లు" అనిరి. ఉప్పొంగిపోతిని. వారికి తెలిసినదేమో, తెలియనిదేమో అడుగుటకు నావద్ద ఒక్క గోండి మాటయు లేదు. మరుసటి యేడు నేనొక్కడనే మరల పోయి చూడగా, మేమిచ్చిన పలకలు ఒక గుడిసె మూల ఒత్తుగా పేర్చియున్నవి. తెలుగు వచ్చిన యొక పడుచువాని ద్వారమున గూడెపు ముసలివాడు నన్ను ఒక్కటే అడిగెను: "ఈసారి ఎన్ని దినాలుంటవు?" రెండు దినములంటిని. ముసలివాడు నవ్వెను, మరి మాటాడలేదు. పిదప ఎన్ని యుద్యమములలో ఎన్ని సభలకు కుర్చీలు మోసితినో, ఎన్ని ఊరేగింపులలో నడచితినో గాని, ఆ నవ్వు నన్ను విడువలేదు.

నేను న్యాయవాదిని, సాక్ష్యము లేక వాదించుట నాకు తగదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని మొదటి సాక్షిగా పిలుచుచున్నాను. గ్రాంథికమున వ్రాయుచు వ్యావహారిక భాషోద్యమ పితామహుని సాక్షిగా పిలుచుట చూచి చదువరులు నవ్వుదురేమో, నవ్వనిండు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపట్ల కొండలలోని సవరలు సంతకు వచ్చెడివారు. వారి మాట పట్టణమున నెవరికిని తెలియదు. ఆ కారణముననే వారు ప్రతిచోట మోసపోయెడివారు. పంతులుగారు మొదట పలకలు పంచలేదు. సవర తెలిసినవానిని ఇంట నుంచుకొని ఆ భాషను తాము నేర్చిరి. కొండలెక్కి గూడెముల తిరిగిరి. అదివరకు లిపిలేని భాషలో వాచకములు కూర్చి, సొంతసొమ్ముతో సవర బిడ్డలకు బడి పెట్టిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆరంభము పందొమ్మిదవ శతాబ్దమున. నిఘంటువు వెలువడిన రెండేండ్లకు, 1940లో, మరణము. ఆ యడవులలో పట్టిన మలేరియాకు మ్రింగిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినది. సవర మాటలను తెలుగువారికి వినిపింపబోయి తమ వినికిడిని పోగొట్టుకొన్న మహానుభావుని జన్మదినమును ఆగస్టు 29న తెలుగుభాషా దినోత్సవమని జరుపుకొందుము. ఆ వేదికలపై సవర మాట ఎన్నిసార్లు వినవచ్చునో చదువరులే చెప్పవలెను.

"ఇది స్వదేశీయుని కథ, పరదేశమునకు పోయి సేవింపరాదా?" యని యడుగువారికి రెండవ సాక్షిని చూపెదను. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నా నగరమున జన్మించిన పరదేశీయుడు. యుద్ధకాలమున ఆయన హైదరాబాదు సంస్థానమున నిలిచి, చెంచుల నడుమను, గోదావరి తీరపు కొండరెడ్ల నడుమను, గోండుల నడుమను నివసించెను. 1940లో జోడేఘాటున కొమురం భీము తుపాకి గుండ్లకు నేలకొరిగిన పిదప, గోండులు ఏల తిరుగబడిరో విచారించు పని నిజాము ప్రభుత్వము ఈయనకు అప్పగించెను. ఆయన సమాధానము స్పష్టము: అడవి చట్టములు వారిని తరిమినవి, భూములు పరుల పాలైనవి, కచేరీలలో వారి మాట విను వాడు లేడు. ఆయన మార్లవాయిలో గుడిసె వేసికొని భార్యతో కాపురముండెను. 1943లో అచటనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణకేంద్రము ఏర్పడినది. గోండి భాషలో వాచకములు తయారైనవి.

ఇందలి కీలకమును గుర్తింపవలెను. ఆయన తాను పంతులై జర్మను పాఠము చెప్పలేదు. గోండు బిడ్డకు గోండు పంతులును, గోండి పుస్తకమును, గోండు రైతునకు భూమిపట్టాయు కావలెనని పట్టుబట్టెను. ఆయన మెచ్చుకోలు కొరకు గాక, తాను లేకున్నను నడచునట్లు పని చేసెను. అనేక సంవత్సరములకు మరల వచ్చి, ఆ భూములు తిరిగి పరుల చేతులలో పడుట చూచి, 1982లో గ్రంథము వ్రాసి లోకమునకు చాటెను. ఆయన భార్య సమాధి నేటికిని మార్లవాయిలో నున్నది. పరదేశసేవ యనగా నిది. ఇట్టి సేవకు పోవు తెలుగు యువకుడుండినచో, వాని అనుమతిపత్రమును నేను చేతులారా వ్రాసి యిచ్చెదను.

మరియొక సంగతి. వర్షారణ్యపు నేలపై తెలుగువాడు కాలు మోపుట ఇది మొదటిసారి కాదు. విశాఖపట్టణము, గోదావరి మొదలగు జిల్లాలనుండి మనవారు మలయా దేశమునకు కూలీలై పోయిరి. అడవులు పోయి రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు లేచిన చోట్ల చెమటోడ్చిరి. వారి చేతులకు ఎవరును యోగ్యతాపత్రమీయలేదు. తోటదొరలు బిడ్డల చదువును భారముగా నెంచిన కాలమున సైతము వారు తమ భాషను కొన ఊపిరితో నిలుపుకొనిరి. 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. నేటి మలేషియా తెలుగు సంఘము దాని వారసురాలే. ఇంటిభాష పోయిన బిడ్డ ఏమగునో వారికి తెలియును. మనము మాత్రము రెండు వారముల టిక్కెట్టు కొని, పరుల బిడ్డలకు మనదిగాని ఇంగ్లీషును పంచుటకు బయలుదేరుచున్నాము. తెల్లదొర మనకు చేసినదానినే మనము మరియొకరికి చేసి, దానికి సేవ యని మురియుచున్నాము!

దూరపు కొండలు నునుపు. దగ్గరి కొండల మాటేమి? మా కాలనీకి కొద్ది మైళ్ల దూరమున, జూబిలీహిల్సు నడుమ, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము గలదు. నాలుగువందల యకరములైనను లేని ఆ వనమును 1998లో జాతీయవనముగ ప్రకటించిరి. దాని చుట్టు వంతెనలు కట్టుటకు చెట్లు కొట్టు పథకము 2016లో వెలువడినపుడు వీధికెక్కి నిలిచిన పౌరులు కొందరే. 2019లో నల్లమల యందు యురేనియము తవ్వకముల మాట పుట్టినపుడు ఫిలింనగరు తారలు సహితము గళమెత్తిరి; ఆ సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకములకు వ్యతిరేకముగ తీర్మానించినది. మంచిదే. కాని తీర్మానము పిదప నల్లమల చెంచు బిడ్డ బడి సంగతి అడిగిన తార యెవరు? మన చిత్రపరిశ్రమకు అడవి కావలసినపుడు మారేడుమిల్లి కనబడును. చిత్రీకరణ ముగిసినంతనే మారేడుమిల్లి మాయమగును.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 యకరములపై యంత్రములు దిగినపుడు అడ్డు నిలిచినవారు హైదరాబాదు విశ్వవిద్యాలయపు విద్యార్థులు. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానము ఆ నరకుడును నిలిపివేయునప్పటికే సుమారు 100 యకరములలో చెట్లు నేలకూలినవి. ఆ విద్యార్థులు రుసుము చెల్లింపలేదు, లాఠీలకు వెరవలేదు, వారికి ఆ నేలమీది గుట్టలు, నెమళ్లు, జింకలు ఎరుకయైనవి. ఇది వర్షారణ్యము కాదు గదా యని కొందరు పెదవి విరుతురు. నిజమే. మన తెలుగునాట ఎక్కువభాగము ఆకురాల్చు అడవులే. తూర్పు కనుమలలో కొన్నిచోట్ల మాత్రమే అర్ధ హరితారణ్యము గలదు. ఆకురాల్చు అడవి రక్షణకు అర్హము కాదని ఏ శాస్త్రము చెప్పినది?

ఇక శాసనము మాట. మాతృభాషలో ప్రాథమికవిద్యకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము 1956నుండి చెప్పుచున్నది. సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో నుండవలెనని 2009 విద్యాహక్కు శాసనము చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కోయ, గోండి మొదలగు ఎనిమిది భాషలలో వాచకములతో బహుభాషావిద్య ఆరంభమైనది. ఆరంభించుటలో మనకు సాటి లేదు. నిలుపుటలోనే మన దారిద్ర్యము.

పంతులు పదవుల తగాదా చూడుడు. షెడ్యూలు ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందవలెనని 2000 జనవరిలో ప్రభుత్వము మూడవ సంఖ్య ఉత్తరువు చేసినది. బయటి పంతుళ్లు కొండకు రాక, వచ్చినను నిలువక, బడులు మూతపడుటయే ఆ యుత్తరువునకు మూలము. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, నూటికి నూరు పదవులును ఒక వర్గమునకే కేటాయించుట సమానత్వమునకు విరుద్ధమని దానిని కొట్టివేసినది. తీర్పు శిరోధార్యము. కాని బిడ్డ కష్టము తీర్పుతో తీరలేదు. ఆ బిడ్డకు పంతులు మాట తెలియునా? పంతులునకు బిడ్డ మాట తెలియునా? ప్రభుత్వమును నేనొక్కటి యడుగుచున్నాను: కులముతో నిమిత్తము లేక, ఆ గూడెపు భాషలో మాటాడగలుగుటను, ఆ యూరిలో కాపురముండుటను కొండబడి పంతులునకు తప్పనిసరి యర్హతలుగా విధింపరాదా? భాష నేర్చినవాడు ఎవడైనను రావచ్చును. నేర్వనివాడు ఎవడైనను రాకూడదు. ఇందు సమానత్వమునకు భంగమెక్కడ?

తల్లిదండ్రులారా! మీ బిడ్డ దయగలవాడగుట మీ యదృష్టము. ఆ దయను అప్లికేషనులో నొక పంక్తిగా ఖర్చుపెట్టకుడు. విమానపు ఖర్చు మిగిల్చి, ఒక సంవత్సరము వానికి కోయగాని, గోండిగాని, సవరగాని నేర్పింపుడు. పిదప సీతంపేట కొండలకో, మారేడుమిల్లికో, మార్లవాయికో పంపుడు; అచటి బడిపంతులునకు చేదోడుగ నుంచుడు. వాడు కోస్టారికాకే పోవుదుననిన, స్పానిషు నేర్చి, ఆ యూరివారినే ఏమి కావలెనో అడిగి, వారు చెప్పినన్ని నెలలు నిలుచుటకు పొమ్మనుడు. విశ్వవిద్యాలయములవారలారా! జర్మనుకు, ఫ్రెంచికి సాయంకాలపు తరగతులు నడపుచున్న మీకు గోండికి ఒక గది కరవా? నా సోదర న్యాయవాదులారా! 2006 అటవీహక్కుల చట్టముక్రింద గ్రామసభ చేయవలసిన క్లెయిములను వ్రాసిపెట్టుటకును, త్రోసిపుచ్చిన క్లెయిములపై అప్పీలు చేయుటకును మనము వేసవిసెలవులలో పది దినములు గాక, ప్రతి యేడును అదే గూడెమునకు పోవలెను. అడవిని కాచువానికి ఆ నేలపై హక్కు నిలిచినచో అడవియు నిలుచును.

ఇదంతయు ఆ కుర్రవానికి నాటి సాయంకాలమే చెప్పితిని. వాడు శ్రద్ధగ విని, తలయెత్తి, "మరి మీకు గోండి వచ్చా అంకుల్?" అనెను. తండ్రిగారు కసిరిరి. నేను వారించితిని. ఇరువదియేండ్ల పైబడి ఆ నవ్వును మోయుచు, ఎన్నో వేదికలపై అడవిని గూర్చి ఉపన్యసించిన నాకు గోండి రాదు. రాదని చెప్పి, వాని కాగితముపై సంతకము చేసి యిచ్చితిని. చట్టము దానిని నిషేధింపలేదు గదా.

మా కోర్టులో గోండు జాతివాడగు జూనియరు న్యాయవాది యొకడు గలడు. ఆయనను బ్రతిమాలి, రెండు వారములనుండి ప్రతి ఆదివారమును ఉదయము మా యింటి వసారాలో గోండి పాఠము మొదలుపెట్టితిమి. ఇప్పటికి విద్యార్థులము నలుగురము. అందరికంటె మందుడను నేనే. కుర్రవాడు కోస్టారికానుండి వచ్చిన పిదప ఇటు వచ్చునో రాడో తెలియదు. వెంగళరావు నగరున ఆ వసారాలో ఇంకను పదిమందికి చోటున్నది.